నాలుగూ ఇరవై

సావో పౌలోలో ఖరీదైన గడియారం
వీధి మొహం చూడదు.
ఆ సంగతి నాకు తెలిసినంత
దాన్ని అమ్మిన కొట్టువాడికి కూడా తెలీదు.
ఇరవై రెండేళ్లుగా ఈ లిఫ్టులో
ఎత్తుపీట మీద కూచుని మీటలు నొక్కుతున్నదాన్ని.
నా పేరు జుస్సారా.
జేబు మీద కుట్టి ఉంది, ఎవరూ చదవరు.

మూడో బేస్‌మెంట్‌లో ఎక్కుతారు వాళ్లు.
సిగ్నళ్ల దగ్గర పక్కనొచ్చి ఆగే మోటారుసైకిళ్లకు జడిసి
నలభై రియాల్స్ ప్లాస్టిక్ గడియారాలతో వచ్చిన చేతులు.
తలుపు మూసుకోగానే
ఒకాయన మేజోట్లోంచి తీస్తాడు,
ఒకావిడ కళ్లజోడు పెట్టెలోంచి,
పింఛను కేసుల డాక్టర్ వాలమీర్
(లాయర్లని కూడా ఇక్కడ డాక్టరనే అనాలి)
టిఫిను డబ్బా అడుగు నుంచి.
ఒకసారి పట్టీకి అన్నం మెతుకు అంటుకుని ఉంది.
టక్, టక్, కొక్కేలు పడతాయి.
లాబీ దాటేసరికి భుజాలు రెండంగుళాలు లేస్తాయి.
కొత్తగా చేరిన పిల్లలు గోడ అద్దంలో
ముందు మణికట్లు చూసి
మొహాలు తర్వాత నేర్చుకుంటారు.

పందొమ్మిదో అంతస్తు డాక్టర్ ఎర్సీలియుది బంగారం.
నీలం పళ్లెంలో చిన్న చందమామ కూడా ఉంది,
నెలనెలా పెరిగి తరుగుతుందట.
కీ ఇచ్చే రకం. పాత పద్ధతి, దాని గొప్పే అది, అని
ఎవరో అతిథితో ఆయన చెబుతుంటే విన్నాను.
పొద్దున ఎనిమిదిన్నరకి ఎక్కినా
భోజనం చేసి వచ్చినా
అందులో నాలుగూ ఇరవై.
ఏప్రిల్లో నాలుగూ ఇరవై.
వానలు పట్టాక కూడా నాలుగూ ఇరవయ్యే.
చందమామని ఎవరో సగం కొరికి వదిలేసినట్టుంది.
టైమెంతని అడిగితే ఆయన ఫోను తీస్తాడు.
అదెవరికీ వింతగా తోచలేదు.
చెబుదామనుకున్నాను గానీ
మీటల మనిషి పెద్దమనిషికి టైము చెబితే
ఏం బావుంటుంది!

గురువారం కరెంటు పోయింది.
పదకొండుకీ పన్నెండుకీ మధ్య ఎటూగాకుండా ఆరుగురం.
ఫోన్లన్నీ పైకెత్తి సిగ్నల్ కోసం వెతుకుతున్నారు.
డాక్టర్ ఎర్సీలియు గోడకి జారి
మెల్లగా నేల మీదికి వచ్చేశాడు.
మెడ మీద చెమట. నోరు తెరిచే ఉంది.
తైనారా అని, చేరి మూడు నెలలైన పిల్ల,
మోకాళ్ల మీద కూచుని ఆయన చేయి అందుకుంది.
బంగారం అడ్డం. విప్పి
వెనక్కి చూడకుండానే నా చేతిలో పెట్టింది.
నాడి దొరికింది, లెక్కపెట్టడానికి ముల్లు కావాలి.
తన చేతిదాన్ని ఎందుకో చూడలేదు,
చొక్కా చేతిని ఇంకాస్త కిందికి లాక్కుంది.
ఆయన కోటు జేబులోంచి
ఆ నలభై రియాల్స్‌ది తీసింది.
నూట ఇరవై ఆరు, అంది.
కాసేపటికి నూట పది.
"పీల్చండి డాక్టర్. వదలండి. నేనున్నాను కదా."

అంత బరువుంటుందని నాకు తెలీదు.
వెచ్చగా ఉంది, ఆయన చేతి వేడి.
మా నాన్న అలారం గడియారానికి
రాత్రుళ్లు నేనే కీ ఇచ్చేదాన్ని.
వేళ్లకి ఆ అలవాటు పోలేదు కాబోలు,
చీకట్లో ఆ చిన్న మర వాటికి తగిలింది.
తిప్పాను. ఒకటి, రెండు, పది దాకా.
అరచేతిలో పిచ్చుక గుండె లాంటిదేదో మొదలైంది.

జనరేటర్ వచ్చింది. లిఫ్టు కుదిపి లేచింది.
డాక్టర్ లేచి, టై సర్దుకుని,
నా వైపు చేయి చాపాడు.
గడియారం పెట్టుకుని
ఒకసారి దాని వంక చూసుకున్నాడు కూడా.
తైనారాకి థాంక్స్ చెప్పినట్టే ఉంది.
పందొమ్మిదిలో అందరూ దిగిపోయారు.

శుక్రవారం పొద్దున మేజోడు, కళ్లజోడు పెట్టె, టిఫిను డబ్బా.
టక్, టక్.
డాక్టర్ ఎర్సీలియు చేతిలో ఏడూ ఐదు.
నేను తలుపు మూసేదాకా ఏడూ ఐదే,
సోమవారం కూడా.
ఎన్ని గంటలు నడిచి ఆగిందో, ఎక్కడ ఆగిందో,
ఆయన మంచం పక్కనో, అర్ధరాత్రో!
నాకు తప్ప ఎవరికీ తేడా తెలీలేదు.
ఏ అంతస్తు డాక్టర్? అన్నాను,
తెలిసీ.